సముద్రయానంలో ఫోనుకు సెలవు ఇవ్వవచ్చునా?



విహార నౌకలో ప్రయాణం ఒకప్పుడు మనవాళ్ళకు సినిమాల్లో మాత్రమే కనిపించే వైభవం. ఇప్పుడు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు కూడా సింగపూరు వెళ్ళి, అక్కడ ఓడ ఎక్కి, నాలుగైదు రోజులు సముద్రం మీద గడిపి వస్తున్నారు. ముంబయి, చెన్నై రేవుల నుండి బయలుదేరే ఓడలూ ఉన్నాయి. మన విశాఖపట్నంలో విహార నౌకల కోసం ప్రత్యేక టెర్మినల్ 2023లో ప్రారంభమైంది. ఇలా బయలుదేరబోయే మిత్రులు నన్ను సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. మొదటిది పాతదే: వాంతులు కాకుండా ఏ మాత్ర వేసుకోవాలి? రెండవది ఈ మధ్య మొదలైంది: "డాక్టరుగారూ, ఓడలో ఉన్నన్నాళ్ళూ ఫోను పూర్తిగా ఆపివేస్తే మనసుకు విశ్రాంతి అంటున్నారు. నిజమేనా?"

రెండు ప్రశ్నలకూ కొంత సంబంధం ఉంది గనుక మొదటిదానితోనే ప్రారంభిస్తాను.

మన లోపలి చెవిలో అర్ధవర్తుల కుల్యలు అనే మూడు చిన్న నాళాలు, వాటి పక్కనే మరికొన్ని సున్నితమైన భాగాలు ఉంటాయి. శరీరం ఎటు కదులుతున్నదో, ఎటు ఒరుగుతున్నదో ఇవి మెదడుకు తెలియజేస్తుంటాయి. ఓడ ఊగుతున్నప్పుడు మీరు ఫోను తెరను చూస్తూ కూర్చుంటే చెవి "కదులుతున్నాం" అంటుంది, కన్ను "ఏమీ కదలడం లేదు" అంటుంది. ఈ రెండు సాక్ష్యాలూ పొసగకపోవడం వల్లనే తల తిప్పడం, చల్లని చెమట, వికారం మొదలవుతాయి. ఓడ పైభాగానికి వచ్చి, సముద్రమూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ నిలబడితే కన్నూ చెవీ ఒకే మాట చెబుతాయి. కడుపు కుదుటపడుతుంది. కనుక ఓడ ఊగుతున్నంతసేపు ఫోను, పుస్తకం రెండూ పక్కన పెట్టండి. గది ఎంచుకొనే అవకాశం ఉంటే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో తీసుకోండి. అక్కడ ఊపు తక్కువ. మాత్రల విషయం మాత్రం జాగ్రత్త. ప్రొమెథజైన్ వంటివి మగతను కలిగిస్తాయి. నీటికాసులు ఉన్నవారు, ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రం సరిగా రానివారు తమ వైద్యుణ్ణి అడగకుండా వాటిని వేసుకోరాదు.

కడుపు సంగతి అలా ఉంచి మనసు సంగతికి వద్దాం. ఫోను వల్ల కలిగే అలసటలో ఎక్కువ భాగం వచ్చిన కబురు వల్ల కలిగేది కాదని నా అభిప్రాయం. ఏదో వస్తుందేమోనన్న కనిపెట్టుకొని ఉండటమే మనిషిని నలిపివేస్తుంది. ఈ మాట నా ఉద్యోగ జీవితం వల్ల చెబుతున్నాను.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసినవారికి 'కాల్ బుక్కు' అంటే ఏమిటో తెలుసు. ఇళ్ళలో టెలిఫోన్లు లేని రోజుల్లో రాత్రివేళ అవసరం పడితే, డ్యూటీలో ఉన్న వైద్యుడు ఒక పుస్తకంలో రోగి పేరు, వయసు, బాధ, సమయం రాసి పంపేవాడు. ఆసుపత్రి నౌకరు సైకిలు మీద ఆ పుస్తకం పట్టుకొని క్వార్టర్సుకు వచ్చి తలుపు తట్టేవాడు. మేము చదివి, సంతకం చేసి, సమయం వేసి అతని వెంట బయలుదేరేవాళ్ళం. వినడానికి ఇది చాకిరీలా ఉంటుంది. నాకు మాత్రం అది నిద్రపుచ్చిన పుస్తకం. అవసరం ఉంటే తలుపు తడతారన్న నమ్మకం ఉన్నది గనుక, తట్టనంతసేపూ నేను నిశ్చింతగా పడుకొనేవాణ్ణి. ఆ నిశ్శబ్దానికి ఒక అర్థం ఉండేది: వార్డులో అందరూ క్షేమం.

నేటి ఫోను కూడా తలుపు తడుతుంది. అయితే తట్టేది ఎవరో, ఎందుకో తెలియదు. పెళ్ళి ఫొటోలు, శుభోదయాలు, రాజకీయ చర్చలు, అప్పు ఇస్తామనే కంపెనీలు, వీటి మధ్యలో ఒక నిజమైన కబురు. ఆ ఒక్కదాని కోసం అన్నింటినీ చూడవలసి వస్తున్నది. విసుగెత్తి ఫోనును పూర్తిగా ఆపివేస్తే ఆ ఒక్క నిజమైన కబురుకూ తలుపు మూసినట్లే.

ఓడల చరిత్రలో ఈ రెండు ప్రమాదాలూ ఒకే రాత్రి జరిగాయి. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడలోని వైర్‌లెస్ ఉద్యోగి జాక్ ఫిలిప్స్ ప్రయాణికుల సొంత కబుర్లు ఒడ్డుకు పంపడంలో తలమునకలై ఉన్నాడు. అంతకుముందు యంత్రం చెడిపోవడంతో కబుర్లు పేరుకుపోయాయి. సమీపంలో ఉన్న కాలిఫోర్నియన్ అనే ఓడ నుండి మంచుగడ్డల గురించి హెచ్చరిక వచ్చినప్పుడు, తన పనికి అడ్డు వస్తున్నాడని అవతలి ఉద్యోగిని అతడు విసుక్కున్నాడు. ఆ అవతలి ఉద్యోగి సిరిల్ ఎవాన్స్ కొంతసేపటికి, రాత్రి 11.30 ప్రాంతంలో, తన యంత్రాన్ని ఆపి పడుకున్నాడు. 11.40కి టైటానిక్ మంచుకొండను ఢీకొన్నది. ఒక ఓడలో పనికిరాని కబుర్ల రద్దీ, పక్క ఓడలో పూర్తి నిశ్శబ్దం. దూరాన కార్పేథియా అనే మరో ఓడలో హెరాల్డ్ కాటమ్ అనే ఉద్యోగి పడుకోబోతూ కూడా చెవికి హెడ్‌ఫోను తీయలేదు. అతనికి ఆపద సందేశం వినిపించింది. ఆ ఓడ వెళ్ళి 700 మందికి పైగా ప్రాణాలు కాపాడింది. ఓడల్లో రేడియో కాపలా ఎడతెగకుండా ఉండాలన్న ఆలోచన 1914 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో చోటు చేసుకున్నది ఈ దుర్ఘటన తర్వాతనే.

మన కాలపు ఉదాహరణ కూడా ఒకటి ఉంది. 2020 ఫిబ్రవరిలో జపానులోని యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ అనే విహార నౌకను కరోనా కారణంగా నిలిపివేశారు. ఓడలో 3,700 మందికి పైగా ఉన్నారు. వారిలో 700 మందికి పైగా వ్యాధి సోకింది. మన దేశానికి చెందిన సిబ్బంది కూడా అందులో ఉన్నారు. ప్రయాణికులు తమ గదులు దాటి బయటకు రాకూడదన్నారు. అప్పుడు జపాను ప్రభుత్వం ఓడలోని వారికి 2,000 ఫోన్లు పంపిణీ చేసింది. గదిలో బందీలైనవారు వైద్యులతో మాట్లాడేందుకు, మందులు అడిగేందుకు అవి ఉపయోగపడ్డాయి. విహారంలో వద్దనుకున్న వస్తువే విపత్తులో వైద్యుడి దగ్గరకు దారి అయింది.

ఇక నా సంగతి. కొంతకాలం క్రితం నేనూ నా శ్రీమతీ సింగపూరు నుండి పెనాంగు, ఫుకెట్ వెళ్ళి తిరిగి వచ్చే నాలుగు రాత్రుల ఓడ ప్రయాణానికి సిద్ధమయ్యాం. అప్పటికి మా అక్కయ్యకు 83 ఏళ్ళు. గుండె కండరం బలహీనపడి, ఒంట్లో నీరు చేరే జబ్బు. రాజమండ్రిలో కొడుకు దగ్గర ఉండేది. ప్రయాణం మానేస్తానంటే ఒప్పుకోలేదు. పైగా ఒక షరతు పెట్టింది. "ఒరేయ్ తమ్ముడూ, నాకేదైనా అయితే నువ్వు ఓడ దిగేదాకా చెప్పవద్దని వీడితో ఒట్టు వేయించుకున్నాను. తెలిసినా సముద్రంలో ఈదుకుంటూ రాలేవుగా! హాయిగా తిరిగి రా."

ఆ మాటలో ప్రేమ ఉంది, తర్కమూ ఉంది. చేయగలిగింది ఏమీ లేనప్పుడు తెలుసుకోవడం ఎందుకు? మా ఇంట్లో కూడా చాలామంది అక్కయ్య మాటే సరి అన్నారు. నేను ఒప్పుకోలేదు. వైద్యుడిగా నేను ఎన్నో కుటుంబాల్లో దాపరికం చూశాను. దాచుతున్నారని ఒకసారి తెలిసిన తర్వాత మంచి కబురును కూడా మనిషి నమ్మలేడు. నాలుగు రోజులూ రాజమండ్రి నుండి కబురు లేకపోతే అది క్షేమమా, ఒట్టు నిలబెట్టుకోవడమా? తేల్చుకోలేక ఆ నాలుగు రాత్రులూ నేను సముద్రాన్ని కాక గది పైకప్పును చూస్తూ గడపవలసి వస్తుంది. ఇదే మాట అక్కయ్యతో అన్నాను. ఆమె కొంచెంసేపు ఊరుకొని, "సరే, నీ డాక్టరీ నువ్వు చెయ్యి" అన్నది.

మా మేనల్లుడితో ఒక ఏర్పాటు చేసుకున్నాను. ప్రతిరోజూ సాయంత్రం మన గడియారం ప్రకారం 6.30కి అతడు మూడు సంగతులు వాట్సాప్‌లో రాయాలి: ఉదయం తీసిన బరువు, కాళ్ళ వాపు, రాత్రి ఎన్ని దిండ్లు వేసుకొని పడుకున్నది. గుండె జబ్బున్నవారికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నప్పుడు వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుంది. అందుకే వాళ్ళు తెలియకుండానే దిండ్లు పెంచుకుంటారు. దిండ్ల లెక్క మంచి పరీక్ష. ఖర్చు లేదు. సింగపూరు మనకంటే రెండున్నర గంటలు ముందు గనుక ఓడలో అప్పటికి రాత్రి 9. నేను ఆ సమయానికి ఫోను తెరుస్తాను. అంతకుమించిన అత్యవసరమైతే ఓడ సంస్థ ఇచ్చిన అత్యవసర నంబరుకు ఫోను చేస్తే వారు మా గదికి కబురు చేరవేస్తారు. మిగిలిన సమయమంతా ఫోను గదిలోని సొరుగులో ఉంటుంది.

మొదటి రెండు రోజులూ లెక్క మారలేదు. నేను చూసింది చూసి ఫోను సొరుగులో పడేశాను. మలక్కా జలసంధిలో రాత్రివేళ దూరంగా చేపల పడవల దీపాలు చూస్తూ మేమిద్దరం కూర్చున్న ఆ గంటలు నాకు బాగా గుర్తున్నాయి. మూడవ రాత్రి వచ్చిన కబురులో బరువు రెండు రోజుల్లో ఒకటిన్నర కిలో పెరిగింది. దిండ్లు రెండు నుండి మూడు అయ్యాయి. అక్కయ్య మాత్రం "బాగానే ఉన్నాను" అంటున్నదట. నేను వాట్సాప్‌లోనే మేనల్లుడితో మాట్లాడాను. "రేపటిదాకా ఆగవద్దురా, ఇప్పుడే ఆమెను చూస్తున్న డాక్టరుగారికి ఈ రెండు అంకెలూ చెప్పు" అన్నాను. "అలాగే మామయ్యా" అన్నాడు. ఆయన ఆ రాత్రే నీరు తీసే మాత్ర మోతాదు పెంచి, మర్నాడు రక్తపరీక్షకు రమ్మన్నారు. మందు నేను మార్చలేదు, మార్చకూడదు కూడా. సముద్రం మీద ఉన్నవాడు రోగిని చూడలేడు. అంకెను గుర్తుపట్టి సరైన మనిషి దగ్గరకు పంపడం వరకే అతని పని. మేము సింగపూరులో దిగేసరికి బరువు తగ్గడం మొదలైంది. ఆ తర్వాత అక్కయ్య మరో ఏడాదికి పైగా మా మధ్య ఉన్నది.

కబురు ఏమీ లేని ఆ మొదటి రెండు రోజులే ఇక్కడ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నవి. ఏర్పాటు ఉన్నది గనుక ఆ నిశ్శబ్దాన్ని నమ్మగలిగాను. పూర్తిగా తెంచుకొని ఉంటే ఆ విశ్రాంతి నాకు దొరికేది కాదు.

ఇటువంటి ఏర్పాటు చేసుకోవాలంటే ఓడలో ఫోను ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. తీరానికి దగ్గరగా ఉన్నప్పుడు ఆ దేశపు టవర్ల సంకేతం అందుతుంది. నడిసముద్రంలో టవర్లు ఉండవు. చాలా ఓడల్లో సొంతంగా చిన్న సెల్ టవరు ఉంటుంది, అది ఉపగ్రహంతో కలుస్తుంది. మన ఫోను మనకు తెలియకుండానే దానిని పట్టుకుంటుంది. మీరు దేశాల కోసం తీసుకొన్న రోమింగ్ ప్యాకేజీ సాధారణంగా ఆ టవరుకు వర్తించదు, ఛార్జీలు చాలా ఎక్కువ. కనుక ఓడ కదలక ముందే ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, కావాలంటే వైఫై మాత్రం వేసుకోండి. ఓడ వైఫైకి విడిగా డబ్బు కట్టాలి. రోజుకు ఒకసారి కబురు చూసుకోవడానికి అన్నింటికంటే చిన్న ప్యాకేజీ చాలు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో బ్లూటూత్ కూడా ఆగిపోవచ్చు. చక్కెర కొలిచే సెన్సారు ఒంటికి పెట్టుకున్నవారు, ఫోనుతో కలిసే వినికిడి యంత్రం వాడేవారు దానిని మళ్ళీ వేసుకోవడం మరవకండి.

ఉపగ్రహ సంబంధం ఎప్పుడూ ఒకేలా ఉండదు. పాత పద్ధతి ఉపగ్రహాలు భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి, మాట చేరడంలో ఆలస్యం తెలుస్తుంది. కొన్నేళ్ళుగా సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలను కూడా ఓడలు వాడుతున్నాయి, వాటితో వేగం మెరుగుపడింది. ఏదైనా సరే, ఒక పూట కబురు అందకపోవచ్చు. "రాత్రి అందకపోతే ఉదయం 8కి మళ్ళీ చూస్తాను, అంతవరకు ఎవరూ కంగారు పడవద్దు" అని ఇంట్లో ముందే చెప్పి బయలుదేరండి. లేకపోతే అమెరికాలో ఉన్న పిల్లలు అర్ధరాత్రి లేచి ఓడ కంపెనీకి ఫోన్లు చేస్తారు.

గడియారం విషయంలో మరో హెచ్చరిక. సింగపూరు, మలేషియాల కంటే థాయిలాండు ఒక గంట వెనుక ఉంటుంది. ఓడ మాత్రం సింగపూరు సమయమే పాటిస్తూ ఉండవచ్చు. ఫుకెట్‌లో దిగి ఫోను తెరిస్తే అది అక్కడి టవరును పట్టుకొని థాయిలాండు సమయం చూపుతుంది. దానిని నమ్ముకొని తిరిగితే మీరు ఒక గంట ఆలస్యంగా రేవు చేరతారు, ఓడ మీ కోసం ఆగదు. చేతికి పాత గడియారం పెట్టుకొని, దానిని ఓడ సమయానికి సరిచేసుకోండి. కట్టుబట్టలతో, బి.పి. మాత్రలు ఓడలో వదిలేసి పరాయి ఊళ్ళో మిగిలిపోవడం ఆరోగ్య సమస్య కూడా.

ఓడలో మీకే ఆపద వస్తే? అందుకు సెల్‌ఫోను అక్కరలేదు. ప్రతి గదిలోనూ ఓడ ఫోను ఉంటుంది. అత్యవసర నంబరు దాని మీదనో పక్కనో రాసి ఉంటుంది, మొదటి గంటలోనే చూసి పెట్టుకోండి. పెద్ద ఓడల్లో వైద్యుడు, నర్సులు ఉంటారు. ఇ.సి.జి., ఆక్సిజన్, గుండెకు విద్యుత్ షాకు ఇచ్చే యంత్రం, కొన్ని రక్తపరీక్షలు ఉంటాయి. గుండె రక్తనాళం తెరిచే చికిత్స, పెద్ద ఆపరేషన్లు ఉండవు. వాటికి ఒడ్డు చేరాలి. అందువల్ల ఈ మధ్యనే గుండెపోటు వచ్చినవారు ప్రయాణానికి ముందు తమ వైద్యుడి అనుమతి తీసుకోవాలి, సముద్రం మీద నుండి తరలింపు ఖర్చు భరించే బీమా చేయించుకోవాలి. మందుల చీటీ, పాత ఇ.సి.జి. నకలు కాగితం మీద వెంట ఉంచుకోండి. ఫోనులో ఉంటే ఇంటర్నెట్ లేకుండా తెరుచుకొనేలా ఫొటో తీసి పెట్టుకోండి. ఈ-మెయిలులో ఉన్నదన్న ధైర్యం నడిసముద్రంలో పనికిరాదు. ఓడ బయలుదేరే ముందు ఆపద కసరత్తు ఒకటి జరుగుతుంది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ఎక్కడ చేరాలో అందులో చెబుతారు. ఆ కాసేపు చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసి శ్రద్ధగా వినండి.

అందరికీ ఒకే సలహా పొసగదు. ఇంట్లో జబ్బు మనిషి లేనివారు, పిల్లలు స్థిరపడినవారు ఓడ సంస్థ అత్యవసర నంబరు ఇంట్లో ఇచ్చి, నాలుగు రోజులూ ఫోను తెరవకుండా ఉండవచ్చు. ఎంతో సుఖం కూడా. నిద్ర పట్టనివారు రాత్రి భోజనం తర్వాత తెర చూడటం మానితే చాలు, తేడా వారికే తెలుస్తుంది. ఇన్సులిన్ తీసుకొనేవారు, జ్ఞాపకశక్తి తగ్గిన భార్యనో భర్తనో వెంట తీసుకువెళ్ళేవారు ఫోను దగ్గర ఉంచుకోవలసిందే. ఇంట్లో మా అక్కయ్య వంటివారు ఉన్నవారికి రోజుకొక సమయం పెట్టుకొనే పద్ధతి ఉత్తమం. కొందరికి ఫోను తీసుకువెళ్ళినా చూడకుండా ఉండటం చేతకాదు. అటువంటివారు ఫోనును గదిలోని లాకరులో పెట్టి, తాళం సంఖ్య జీవిత భాగస్వామి చేతికి అప్పగించండి.

బయలుదేరడానికి ఒక వారం ముందు ఇంటిల్లిపాది కూర్చొని ఒక కాగితం మీద రాసుకోండి. ఎవరి కబురు మీకు తప్పక చేరాలి, ఏ సంగతులు చెప్పాలి, ఏ సమయానికి, చేరకపోతే రెండవ దారి ఏది? మరణవార్త అయినా దాచకూడదో, దిగేదాకా ఆగమంటారో అదీ రాసుకోండి. ఆ నిర్ణయం మీదీ మీ ఇంటివారిదీ, వైద్యుడు చెప్పేది కాదు. ఎటుతిరిగీ ముందుగా మాట్లాడుకొని ఉండాలి. బ్యాంకు పనులు, ఓటీపీలు అవసరమయ్యే చెల్లింపులు ముగించుకోండి. కాగితం నకలు ఒకటి ఇంట్లో గోడకు అంటించి, ఒకటి మీ సంచీలో పెట్టుకోండి. ఆపైన ఓడ ఎక్కి, ఫోను సొరుగులో పడేసి, సముద్రాన్ని చూడండి.

మీ ప్రయాణం సుఖంగా, క్షేమంగా సాగుగాక.